బాలింతకు చెప్పని మాటలు

సునీతకు అన్నిటికంటే పెద్ద భయం ఒక్కటే. ఆ దూరపు దీవిలో చెల్లెలు రాచెల్ గది లోపల గడియ పెట్టుకొని పడిపోతే, తలుపు కొట్టి చూసే దిక్కు ఉండదని.

రాచెల్ డిజైన్ చదువుకని గ్రీస్ దేశంలో సీరోస్ అనే దీవికి పోయింది. ఆమె పోయిన కొన్నాళ్ళకే ఇక్కడ బెంగళూరు కాడుగోడిలో సునీతకు కొడుకు పుట్టాడు, కెవిన్. పురుడు చూడటానికి హిందూపురం నుంచి అమ్మ వచ్చింది. అమ్మతోపాటు అమ్మ కట్టడీ వచ్చింది. బాలింత చెవిన చెడ్డమాట పడకూడదు, పడితే పాలు ఇంకిపోతాయి. ఆదివారం చర్చిలో విన్న వాక్యమైనా మరిచిపోతారేమో గానీ ఆ ఇంట్లో ఈ మాట ఎవరూ మరవరు. టీవీలో వార్తలు బంద్. మొగుడు డేవిడ్ బండి మీదినుంచి పడి మోచేయి చెక్కుకుపోతే పొడుగు చేతుల చొక్కా వేసుకొని తిరిగాడు. పెద్దనాన్న పోయిన సంగతి, మట్టి చేసి సమాధికి సున్నం కొట్టించినాక గానీ సునీతకు చెప్పలేదు. అప్పటినుంచి ఇంట్లో ఎవరు నవ్వుతూ మాట్లాడినా ఏం దాస్తున్నారో అని ఆమెకు అనుమానమే.

రాచెల్ ఫోను చేస్తే అంతా మంచే. సముద్రం నీలంగా ఉండాదట, కొండ మీద ఇళ్ళు బొమ్మరిళ్ళ మాదిరి ఉండాయట, గది అద్దెకిచ్చి కింద రొట్టెల కొట్టు నడిపే ఇంటామె బంగారమట. ఆ మాటలే పట్టుకొని అమ్మ చర్చిలో లేచి నిలబడి, చిన్నకూతురు సముద్రాల అవతల సుఖంగా కుదురుకుందని, అది దేవుడు చేసిన మేలని సాక్ష్యం చెప్పింది. అందరూ చప్పట్లు కొట్టారు. భుజాన బిడ్డ ఉన్నాడు కాబట్టి సునీత కొట్టలేదు.

ఒకే దుప్పట్లో పెరిగిన చెల్లెలు కదా, సునీత చూసేది వేరు. వీడియోలో రాచెల్ వెనకాల కిటికీ గట్టున గోంగూర పచ్చడి సీసా కనబడేది. నూనె కారకుండా మూతకు గుడ్డ చుట్టి దారం కట్టింది సునీతే. ఆ ముడి కట్టింది కట్టినట్టే ఉంది. పచ్చడి లేనిదే ముద్ద దిగని పిల్ల. అంటే అన్నం వండుకోవడమే లేదు. అమ్మతో అంటే, ఇంటర్ సగంలో మానేసినదానివి, ఫారిన్ చదువుల సంగతి నీకేం తెలుసు, బిడ్డకు పాలియ్యి పో అంది.

ఒక మధ్యాహ్నం అమ్మ కూరగాయలకు పోయినప్పుడు సునీత తానే చెల్లెలికి ఫోను చేసింది. కెవిన్ చున్నీ చాటున పాలు తాగుతున్నాడు. తన మొహం మటుకే కనబడేలా ఫోను ఎత్తి పట్టుకుంది.

"పాపా, పిల్లోనికి డబ్బాపాలు పెట్టేసినాం. నా పాలు మాన్పించినా. ఇంక నేను బాలింతను కాను. చెప్పు."

రాచెల్ మొహం తెరకు దగ్గరగా తెచ్చింది. "నిజంగానా అక్కా?"

"నిజంగానే."

ఇక ఆగలేదు ఆ పిల్ల. చలికాలం రాగానే ఊరు చూడవచ్చేవాళ్ళు లేక కొట్లు సగం మూసేశారట. గాలి లేస్తే ఓడలు ఆగిపోతాయట. ఇంటామె రొట్టెల కొట్టుకు తాళం వేసి ఏథెన్సులో కొడుకు దగ్గరికి పోయింది. తోటి పిల్లలు వాళ్ళ భాషలో నవ్వుకుంటారు. అందరూ నవ్వినాక తాను నవ్వడం సిగ్గనిపించి క్లాసుకు పోవడమే మానేసింది. క్రిస్మస్‌కు చర్చికి పోతే అక్కడ మన మాదిరి అందరూ కలిసి పాడరు. నిలబడతారు, పటాలను ముద్దు పెట్టుకుంటారు, పోతారు. ఎవరి పక్కన నిలబడాలో తెలియక బయటికి వచ్చేసింది.

"అక్కా, ఇక్కడ నన్ను పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. అప్పుడప్పుడు నేనే పిలుచుకుంటాండా."

"వచ్చేయ్ పాపా."

"ఎట్ల వచ్చేది? అమ్మ సాక్ష్యం చెప్పింది కదా."

అమ్మకు నచ్చజెప్పేది నా పని అని సునీత అనబోయింది. అంతలో కెవిన్ రొమ్ము వదిలి, పొలమారి, దగ్గుతూ ఏడుపు అందుకున్నాడు. కంగారులో ఫోను కిందికి వాలింది. మళ్ళీ ఎత్తేసరికి రాచెల్ మొహంలో మునుపటి నవ్వు వచ్చి కూర్చుంది.

"పాలిస్తాండావే. ఊరికే అన్నాలే అక్కా, చలికి ఏదో వాగినా. అంతా బాగుండాది."

ఆ తర్వాత ఫోను ఎత్తలేదు. కొన్నాళ్ళు బాగుండానని ఒక్క ముక్క వచ్చేది, పిమ్మట అదీ లేదు. డేవిడ్ కాలేజీకి ఇంగ్లీషులో రాశాడు. ఆమె మేజరు, తాను ఒప్పుకోకుండా ఆమె సంగతులు ఇంకొకరికి చెప్పడానికి లేదని మర్యాదగా జవాబు వచ్చింది. పరీక్షలు కదా, తీరిక ఉండదులే అని అమ్మ అంటుంది. అనేటప్పుడు నవ్వుతుంది.

సునీతకు ముద్ద దిగలేదు. పాలు తగ్గాయి, తగ్గి తగ్గి ఆగిపోయాయి. నేను చెప్పలేదా అంది అమ్మ. కెవిన్ ఇప్పుడు డబ్బాపాలే తాగుతున్నాడు. ఆ రోజు ఆడిన అబద్ధం నిజమై కూర్చుంది. ఇప్పుడు నిజంగానే మాన్పించినా పాపా, చెప్పు అని సునీత పంపిన మెసేజీ పక్కన ఒక్క టిక్కే ఉంది. రెండోది పడలేదు.

మీలో ఎవరైనా సీరోస్ వైపు పోయేవాళ్ళుంటే, అక్కడ మీకు తెలిసినవాళ్ళుంటే, ఒక్క పని చేసిపెట్టండి. రేవులో ఓడ దిగి కొండ మెట్లు ఎక్కితే తాళం వేసిన రొట్టెల కొట్టు, దాని మీద నీలం తలుపు గది. కిటికీలో గుడ్డ కట్టిన సీసా కనబడుతుంది. తలుపు కొట్టండి. తీయలేదని తిరిగి పోవద్దు. పేరు పెట్టి పిలవండి. రాచెల్ అని.