మింగితేనే చెయ్యి

ఆసుపత్రి నేలమాళిగలో, బట్టలుతికే యంత్రాల పక్కగదిలో, ఇస్త్రీ అక్క ఇరవై రెండేళ్లుగా డాక్టర్ల తెల్లకోట్లు ఇస్త్రీ చేస్తోంది. ఆమె అసలు పేరు హాజరుపట్టీలో తప్ప ఎవరి నోటా లేదు. మూడో అంతస్తులో ఛాతీ డాక్టర్లకు చూపించుకున్న రోగులు మెట్లు దిగి, బయటికి పోకుండా ఇంకో వరస మెట్లు దిగి ఆమె గుమ్మం ముందు నిలబడతారు. ఆమె ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి, ఆ వేడికి కాగిన అరచెయ్యి వాళ్ల రొమ్ముమీద ఆనించి, కళ్లు మూసుకుని పైవాడితో రెండు ముక్కలు మాట్లాడుతుంది. తాయెత్తు లేదు, మంత్రం లేదు. అంతే.

షరతు మాత్రం ఒకటుంది. ఆ వారం మాత్రల ఖాళీ షీటు చూపించాలి. చూపించకపోతే చెయ్యి లేదు. "డాక్టరు పని డాక్టరుది, దేవుడి పని దేవుడిది. మందు మానేసి నా దగ్గరికొస్తే ఆయన నన్ను తిడతాడు" అంటుంది. ఎంత పెద్దమనిషి వచ్చి బతిమాలినా ఈ మాటకు తిరుగులేదు.

ఆ సోమవారం రోగి కాదు, ఛాతీ విభాగానికి కొత్తగా వచ్చిన డాక్టరమ్మే దిగివచ్చింది. చేతిలో రెండు కాగితాలు.

"మీ తమ్ముడి కఫం పరీక్ష వచ్చింది. మందులు మొదలుపెట్టి మూడు నెలలైనా టీబీ క్రిములు అలాగే ఉన్నాయి. మాత్రలు వేసుకుంటున్నారా అనడిగితే, మా అక్క చెయ్యి పడుతోంది, నాకేం భయం అన్నారు."

"వాడు ప్రతివారం ఖాళీ షీటు తెచ్చి చూపిస్తున్నాడమ్మా."

"షీటు ఖాళీ అయితే సరిపోతుందా? ఇలాగే సాగితే ఈ మందులు ఆయనకి పనిచెయ్యకుండా పోతాయి. అప్పుడు మా చేతుల్లో ఉండదు. మీ చేతిలో అసలే ఉండదు."

రెండో కాగితం సూపరింటెండెంటు ఉత్తర్వు. ఆసుపత్రి ఆవరణలో చెయ్యి పెట్టడాలు, ప్రార్థనలు ఆ రోజునుంచే బంద్. మీరితే ఉద్యోగం పోతుంది. డాక్టరమ్మ వెళ్లాక ఇస్త్రీ అక్క ఆ కాగితాన్ని ఉండచుట్టి కొంగున ముడేసుకుంది. ఉత్తర్వు సంగతి తర్వాత. ముందు తమ్ముడు.

మధ్యాహ్నం భోజనం వేళ రెండు వీధుల అవతలున్న తమ్ముడి కుట్టుదుకాణానికి వెళ్లింది. మెడలో టేపు, ముక్కుకు గుడ్డ కట్టుకుని మిషన్ ముందు కూర్చున్నాడు. మనిషి వేసుకున్న చొక్కాలో ఇంకో మనిషి పట్టేలా ఉన్నాడు.

"మాత్రలు వేసుకుంటున్నావట్రా?"

"నీ మీద ఒట్టు, అక్కా."

మామూలుగా గుండీల పెద్ద డబ్బా మీద ఒట్టు వేసే మనిషి, ఇవాళ ఏకంగా ఆమె మీదే వేశాడు. ఆమెకు అక్కడే తేడా కొట్టింది. పైకి ఏమీ అనకుండా, "కోటుకి తెల్లగుండీ ఊడింది, ఒకటివ్వు" అంది. అతను లేచేలోపే అడుగు అరలోని ఆ పెద్ద డబ్బా అందుకుంది. "అది కాదక్కా, అది కాదు" అంటూనే ఉన్నాడు, ఆమె మూత తీసేసింది. లోపల ఒక్క గుండీ లేదు. ఇటుకరంగు మాత్రలు, డబ్బా సగానికి పైగా.

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈ దొంగను తెల్లగుండీ పట్టించింది.

"మొదటి నెల వేసుకున్నానక్కా. వేసుకుంటే ఒకటే వాంతులు. సూదిలో దారం ఎక్కించలేకపోయాను. నీ చెయ్యి పడ్డరోజు మాత్రం హాయిగా నిద్రపడుతుంది. అందుకే మందు మానేసి నిన్ను నమ్ముకున్నా. తప్పా?"

"నమ్ముకున్నవాడివి నాకు అబద్ధం ఎందుకు చెప్పావు?"

"షీటు చూపించకపోతే నువ్వు చెయ్యి పెట్టవుగా."

ఖాళీ షీటు కావాలంది, ఖాళీ షీటు తెచ్చిచ్చాడు. తమ్ముడొక్కడేనా, ఇంకెంతమంది ఇలా తన చేతికోసం మాత్రలు చెత్తబుట్టల పాలు చేశారో. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడటమంటే ఇదే. ఆమెకు సిగ్గేసింది. ఆ వెనకే కోపం వచ్చింది, తమ్ముడి మీద, తన మీద, వాంతులవుతున్నాయా అని ఒక్కమాట అడగని మూడో అంతస్తు మీద.

డబ్బా చంకన పెట్టుకుని నేరుగా మూడో అంతస్తుకు ఎక్కింది. డాక్టరమ్మ బల్లమీద దాన్ని బోర్లించింది.

"మీరన్నది నిజం. రెండు నెలలుగా మింగలేదు. తప్పులో సగం నాది."

డాక్టరమ్మ మాత్రల కుప్పను చూసి నిట్టూర్చింది. "ఇప్పటికైనా తెలిసింది కదా. ఇంక ఆ చెయ్యి పెట్టడం మానెయ్యండి."

"మానను."

"ఉత్తర్వు చదివారా?"

"చదివాను. మిగతా సగం తప్పు మీదమ్మా. వాంతులకి మీరు మందివ్వలేదు, వాడు అడగలేదు. మీ దగ్గర మూడు నిమిషాలు కూర్చుంటాడు, నోరు విప్పడు. నా దగ్గర విప్పుతాడు. నా చెయ్యి క్రిముల్ని చంపుతుందని నేనెప్పుడూ అనలేదు. రేపట్నుంచి షీట్లు నాకొద్దు. నా కళ్లముందు మింగాలి, తర్వాతే చెయ్యి. ఉద్యోగం తీసేస్తారా, తీసెయ్యండి. గేటు బయట బల్ల వేసుకుంటాను."

డాక్టరమ్మ మాత్రలన్నీ మళ్లీ డబ్బాలోకి ఎత్తింది. చివరికి, "మందు ఇంకా పనిచేస్తుందో లేదో పరీక్ష చెయ్యాలి. పొద్దున్నే మీ తమ్ముణ్ణి తీసుకురండి" అంది. చెయ్యి సంగతి ఎత్తలేదు.

మర్నాడు పరీక్షకు కఫం ఇచ్చి, వాంతి ఆగే మాత్ర వేసుకుని, తమ్ముడు నేలమాళిగకు దిగాడు. అప్పటికే గుమ్మం దగ్గర మాత్రలు పట్టుకుని నలుగురు రోగులున్నారు, వాళ్లలో ఒక పెద్దాయన. పైకప్పు కిందున్న కిటికీలన్నీ బార్లా తెరిచి ఉన్నాయి. ఇస్త్రీ అక్క నీళ్లగ్లాసు చూపించింది. అతను అరచేతిలో నాలుగు మాత్రలు పట్టుకుని నిలబడ్డాడు.

"ముందు చెయ్యి పెట్టక్కా. ధైర్యంగా మింగుతా."

"మింగితేనే చెయ్యి."

"ఒక్కసారి. తోడబుట్టినవాణ్ణి."

ఆమె రెండు చేతులూ వెనక్కి కట్టుకుంది. "తోడబుట్టావనే."

అతనికి రోషం వచ్చింది. వెనక్కి తిరిగి రెండడుగులు వేశాడు. వెళ్లిపోతే వాడింక ఆసుపత్రి గడప తొక్కడని ఆమెకు తెలుసు. వెంట వెళ్లి వాణ్ణి గుండెలకు హత్తుకోవాలనిపించింది. చేతులు మాత్రం వెనకే ఉంచుకుంది, ఒక చెయ్యి ఇంకో చేతిని గట్టిగా పట్టుకుని.

గుమ్మంలో అతను ఆగాడు. అక్కడ డాక్టరమ్మ ఉంది, కోటు కోసం వచ్చింది. ఆమె పక్కకు జరగలేదు. అతను అక్కను చూశాడు, మాత్రలను చూశాడు. వెనక్కొచ్చి గ్లాసు అందుకుని ఒక్కొక్కటే మింగాడు.

"నోరు తెరువు. నాలుక ఎత్తు." అక్క చూసింది. ఖాళీ. అప్పుడు చాపింది చెయ్యి. తమ్ముడి రొమ్ము ఎముకలు అరచేతికి తగిలాయి. ఆమె కళ్లు మూయకముందే నిండాయి.

డాక్టరమ్మ గోడవైపు చూసింది. ఉండచుట్టిన ఉత్తర్వు అక్కడ ఒక్క ముడత లేకుండా అంటించి ఉంది.

"అది గోడమీదే ఉంది, మీరేమో..."

"కనిపిస్తోందమ్మా. నేనే ఇస్త్రీ చేసి అంటించాను. మీ కోటు ఆ కొక్కేనికుంది, గుండీ కూడా కుట్టాను." చెయ్యి తియ్యకుండానే అంది ఇస్త్రీ అక్క. "నేనిప్పుడు పైవాడితో మాట్లాడాలి. ఊరికే నిలబడకుండా, వెనకున్న పెద్దాయన నాలుక కింద మీరు చూడండి."