పాల సీసా తుమ్మింది

పొద్దున్న ఎనిమిదింటికి, ఇంకా ఎవరూ రాకముందే, పిన్ని మూడో అంతస్తు ఆఫీసు కిటికీలన్నీ బార్లా తెరుస్తుంది. ఆవిడ అక్కడ శుభ్రం చేసే మనిషి. ఎవరికీ సొంత పిన్ని కాదు గానీ, మేనేజరు దగ్గర్నుంచి వాచ్‌మన్ దాకా అందరికీ పిన్నే. చేతిలో మందునీళ్ళ సీసా, భుజాన డజను గుడ్డలు. ఒక్కో గుడ్డను నాలుగు మడతలు వేస్తే ఎనిమిది ముఖాలొస్తాయి. బల్లకొక ముఖం. ముఖాలన్నీ అయిపోయాయా, గుడ్డ బకెట్లోకి. ఒకచోట తుడిచిన ముఖంతో ఇంకోచోట ముట్టుకుంటే ఆవిడ లెక్కలో అది ఎంగిలే.

జలుబుల కాలం వచ్చిందంటే పిన్నికి ఊపిరి సలపదు. ఆ రోజుల్లో జబ్బు చెయ్యి తగిలిన వస్తువల్లా తుమ్ముతుంది కదా. తలుపు పిడి గట్టిగా, కుర్చీ చెయ్యి మొహమాటంగా, లిఫ్టు మీట వరసగా మూడుసార్లు. తుమ్ము వినపడగానే పిన్ని "చిరంజీవ, చిరంజీవ" అంటూ వెళ్ళి మందునీళ్ళు చల్లి, పక్కనే నిలబడుతుంది. వెంటనే తుడవదు. పది నిమిషాలు తడి ఆరకూడదు.

"దానికీ పని చేసుకోడానికి టైమివ్వాలి గదమ్మా" అంటుంది.

ఆ ఏడాది ఆఫీసు టపా చూసే అమ్మాయి సెలవులన్నీ అయిపోయి మళ్ళీ ఉద్యోగానికొచ్చింది. ఆమె పాప నెలలు నిండకుండా పుట్టింది. "ఊపిరితిత్తులింకా పచ్చివి. ఈ చలికాలం గట్టెక్కేదాకా జలుబన్నది సోకనివ్వకండి" అన్నారు డాక్టరుగారు. పాప అమ్మమ్మ దగ్గరుంటే, తల్లి మధ్యాహ్నం స్టోరు గదిలో తలుపేసుకుని పాలు పిండి, సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెట్టుకునేది. ఎక్కడ ఏది తుమ్మినా ఉలిక్కిపడేది.

"నువ్వు నీ పని చూసుకో తల్లీ. ఇక్కణ్ణుంచి నీ పిల్లకి జలుబు వెళ్ళకుండా చూసే పూచీ నాది" అంది పిన్ని. అంత పెద్ద మాట ఇచ్చి, దాన్ని గుడ్డతో నిలబెట్టుకునే మనుషుల్ని నేను ఎక్కువమందిని చూడలేదు.

ఒకరోజు పిన్ని ఫ్లూ టీకా వేయించుకోడానికి ఒక పూట సెలవు పెట్టింది. మేనేజరుగారు మంచి మనిషి. మంచివాళ్ళు చేసే పొరపాట్లకు అడ్డు చెప్పేవాళ్ళుండరు, అదే చిక్కు. ఆయన చొక్కా చేతులు పైకి మడిచి, ఒకే ఒక్క గుడ్డతో లిఫ్టు మీట మొదలుకుని ఇరవై బల్లలూ, ఫోన్లూ, ఫ్రిజ్ పిడీ, లోపలి అరలూ పావుగంటలో తుడిచేశారు. ఇటు చల్లడం, అటు తుడిచెయ్యడం. ఆయన వెనకాలే ఒక్కొక్క బల్లా తుమ్మడం మొదలుపెట్టింది.

"మందు ఘాటుకి తుమ్ముతున్నాయిలే" అన్నారాయన, తృప్తిగా.

రెండింటికి పిన్ని వచ్చేసరికి ఆఫీసంతా ఒకటే తుమ్ములు. ఫోనెత్తినవాడికి అవతలివాడి మాట వినపడటం లేదు. పిన్ని గుమ్మంలోనే ఆగి, మేనేజరు చేతిలో నల్లబడిన గుడ్డను చూసింది.

"అయ్యగారూ, మీరు తుడిచారా, పంచారా?"

ఆయన గుడ్డను బకెట్లో పడేశారు. "ఇప్పుడేం చెయ్యమంటావు పిన్నీ?" అన్నారు.

"ముందు చేతులు కడుక్కోండి. సబ్బుతో. గోళ్ళ సందులు కూడా."

ఆ తర్వాత ఆవిడ పని చూసి తీరాలి. కిటికీలు తెరిచింది. అందర్నీ లేపి గోడ పక్కన నిలబెట్టింది. తక్కువ తుమ్ముతున్న బల్లతో మొదలుపెట్టి, లిఫ్టు మీటను ఆఖరికి ఉంచుకుంది. చల్లింది, ఆగింది, తుడిచింది, ముఖం మార్చింది. తొందరపడలేదు, ఎవర్నీ తిట్టలేదు. నాలుగున్నరకి లిఫ్టు మీట చివరిసారి తుమ్మి ఊరుకుంది. గడియారం చప్పుడు వినపడేంత నిశ్శబ్దం.

ఐదింటికి టపా అమ్మాయి ఫ్రిజ్ తెరిచి పాల సీసా తీసి సంచిలో వేసుకుంది. బస్సుకి ఐదు నిమిషాలే ఉంది. మెట్ల దాకా వెళ్ళింది.

సంచిలోంచి చిన్న తుమ్ము. పిల్లి పిల్ల తుమ్మినట్టు.

మూసిన ఫ్రిజ్ తలుపు వెనకాల ఉన్న సీసా తుమ్ము అప్పటిదాకా ఎవరికీ వినపడలేదు. మేనేజరుగారు అరలు తుడుస్తూ దాన్ని కూడా ఆ గుడ్డతోనే పక్కకి జరిపి ఉంటారు. అమ్మాయి మెట్ల దగ్గర్నుంచి వెనక్కి పరిగెత్తుకొచ్చింది.

"పిన్నీ... ఇది ఇంటికి పట్టుకెళ్ళిపోయేదాన్నే."

"వెళ్ళలేదుగా. ఇలా తే."

మూత బిగించే ఉంది, లోపల పాలకేం కాలేదు. పిన్ని సీసా పైనంతా సబ్బు పట్టించి, రుద్ది కడిగింది. సంచికి మందునీళ్ళు చల్లింది. ఫ్రిజ్ లోపలి అరలకీ చల్లింది. అమ్మాయి చేతులు తనే పట్టుకుని మోచేతుల దాకా కడిగింది.

"బస్సు వెళ్ళిపోతుంది పిన్నీ!"

"బస్సు ఇంకోటి వస్తుంది. పది నిమిషాలాగు."

ఆగారు. మేనేజరుగారు కూడా చేతులు కట్టుకుని, వాళ్ళతో పాటే నిలబడ్డారు.

అమ్మాయి ఇల్లు చేరేసరికి చీకటి పడింది. లోపల పాప కేర్‌మంటోంది. తలుపు గొళ్ళెం మీద చెయ్యి వేసి, ఊపిరి బిగబట్టి నిలబడింది.

గొళ్ళెం తుమ్మలేదు.

సీసాను చెంపకి ఆనించి విన్నది. అదీ కిక్కురుమనలేదు. అప్పుడు లోపలికెళ్ళి పాపని ఎత్తుకుంది.