చెనక్కాయల తీర్పు

గోవిందప్ప గ్రామసభ పెట్టేది సంతనాడే. జనం గొర్రెలు తోలుకుని కంబదూరు సంతకు పోయాక, ఖాళీ అయిన పంచాయతీ ఆఫీసు ముందు టముకు వేయిస్తాడు. సర్పంచు అతని పెళ్లాం, కాంట్రాక్టరు అతను. పోయినేడు సిమెంటు రోడ్డు అతని ఇంటిదాకా వచ్చి ఆగిపోయింది. ఈ ఏడు వచ్చిన పన్నెండు లక్షలతో ఊరి ముందర వాళ్ల నాయన పేరున ఆర్చి కడతానన్నాడు. పన్ను కట్టేది ఊరు, ఎండేది ఊరు, ఖర్చు పెట్టేది గోవిందప్ప.

బోర్లు ఎండి రెండేళ్లయింది. నీళ్లు తెచ్చే ట్యాంకరు కూడా అతనిదే. ఆ పొద్దు ఆడవాళ్లు బిందెలు పట్టుకుని నిలబడితే, వాళ్ల కళ్లముందే ట్యాంకరు నీళ్లన్నీ ఆర్చి పునాదికి కొట్టించాడు. రైతు నల్లప్ప చూస్తూ నిలబడ్డాడు. కోపం రావలసిన చోట అతనికి ఏమీ రాలేదు. వరసగా పంటలు ఎండినాక అతని లోపల అట్లాగే అయింది.

ఉపాధి పనిలో కూలీల లెక్క రాసే మేట్‌గా ఉండే రామాంజినమ్మ ఖాళీ బిందె కింద పెట్టింది.

"ఏమప్పా నల్లప్పా, సిమెంటుకు ఉండే దప్పిక మనకు లేదా?"

ఆ వారం ఎవరూ సంతకు పోలేదు. టముకు పడగానే ఊరు ఊరంతా గొర్రెలతో సహా వచ్చి ఆఫీసు ముందు కూర్చుంది.

"ఏమప్పా, సంత ఈడికే వచ్చినట్లుండాదే," అన్నాడు గోవిందప్ప.

"వచ్చిందన్నా. ఊరి దుడ్ల బేరం ఈసారి మా ముందర జరగల్ల," అంది రామాంజినమ్మ.

ఆర్చి వద్దు, నీళ్లు నిలిచే కుంట కావాలన్నారు జనం. ఇంజనీరు పద్మజ కొత్తగా వచ్చిన పిల్ల. ఉన్నమాట చెప్పింది. "కుంట తవ్వితే బోర్లలోకి నీళ్లు దిగుతాయి. కానీ ఈ ఊళ్లో నీళ్లు నిలిచే పల్లం ఒక్కటే ఉంది. ఈ నిధుల్లోంచి భూమికి డబ్బు ఇవ్వడానికి వీల్లేదు."

అందరూ నల్లప్ప వైపు తిరిగారు. ఆ పల్లం అతనిది. అతనికి ఉన్నదే అది.

గొర్రెల కాపరి ఈరన్న గొంతు తగ్గించి అడిగాడు. "ఊరు అడిగితే ఇస్తావా అన్నా?"

"ఊరు చెప్పనీ," అన్నాడు నల్లప్ప.

చేతులెత్తితే మరునాడు కూలి ఉండదని అందరికీ తెలుసు. అందుకే రామాంజినమ్మ రెండు గంపలు పెట్టి పైన గోనెపట్ట కప్పింది. ఎడమది ఆర్చికి, కుడిది కుంటకు. ఇంటికొక చెనక్కాయ. పిడికిలి మూసి గోనె కింద చెయ్యి పెట్టాలి, ఒక గంపలో వెయ్యాలి.

నల్లప్ప చెయ్యి గోనె కింద కాసేపు ఆగింది. ఎడమకు పోయింది.

పట్ట తీసి చూస్తే కుడి గంపలో కాయలు కుప్పగా ఉన్నాయి. ఎడమ గంపలో అడుగున నాలుగైదు.

"ఆర్చికేసినోళ్లలో ఒకడు లొట్టకాయ ఏసినాడప్పా," అన్నాడు ఈరన్న. జనం నవ్వారు. వాటిలో మూడు గింజల కాయ ఒకటుంది. అది ఎవరిదో నల్లప్ప ఒక్కడికే తెలుసు.

గోవిందప్ప అప్పటికే ఫోను చేశాడు. జీపు దిగిన ఎస్సై, సర్పంచు లేని సభ చెల్లదంటూ గంపలు తన్నాడు. కాయలు దుమ్ములో దొర్లాయి. గొర్రెలు ఎగబడి ఊరి తీర్పును నమిలేశాయి.

"ఇంగ చూపీండి మీ లెక్క," అని ఎస్సై రామాంజినమ్మను జీపెక్కించాడు.

ఆమె లోపలినుంచే చెప్పింది. "కాయలు ఇండ్లల్లో ఇంకా ఉండాయి. మళ్లా ఏయండి. గోనె వద్దు. అందరికీ కనపడల్ల."

మొదట ఎవరూ కదల్లేదు. తర్వాత ఈరన్న లేచి, పడిపోయిన గంపల్ని నిలబెట్టి, తన దగ్గర మిగిలిన ఇంకో కాయను కుడి గంపలో వేసి, పోయి జీపు ముందు కూర్చున్నాడు. ఒకరి వెనక ఒకరు లేచి ఇండ్లకు పోయి కాయలు తెచ్చారు. కాయ వేసినవాళ్లు వేసినట్టే జీపు చుట్టూ కూర్చున్నారు. డ్రైవరు హారను కొట్టి కొట్టి మానుకున్నాడు.

గోవిందప్ప నల్లప్ప పక్కకు వచ్చాడు. "భూమి పోయేది నీది. వీళ్లకేం పోతాది? ఇయ్యనని ఒక్కమాట చెప్పు, కుంట ఆడికే ఆగిపోతాది. ఆర్చి పని అయిపోయేదాకా నీకు కూలి నేనిస్తా."

అతను చెప్పింది నిజమే. నల్లప్ప జీపు వైపు చూశాడు. జీపులో రామాంజినమ్మ ఇతని వైపు చూడటం కూడా లేదు. ఆమె ఖాళీ బిందె ఆఫీసు గోడ దగ్గర ఇంకా అట్లాగే ఉంది.

పంచె మడతలోంచి ఇంకో కాయ తీశాడు. ధైర్యమేమీ కలగలేదు, ఏడుపూ రాలేదు. గోవిందప్ప చూస్తుండగానే కుడి గంపలో వేశాడు.

"ఇస్తాండా. రాసుకో తల్లీ," అన్నాడు పద్మజతో.

పోయి జీపు ముందు ఈరన్న పక్కన కూర్చున్నాడు. నేల కాలుతోంది. ఎవరూ లేవలేదు. ఇంకో జీపు వస్తోందని ఎవరో అన్నారు. రానీ అన్నారు ఇంకొకరు.

"ఎంత ఉండాదన్నా ఆ పల్లం?" అడిగాడు ఈరన్న.

"ఎకరా డెబ్బై రెండు సెంట్లు."