సముద్రానికి మెట్టు

ఆడబిడ్డ అర్ధమొగుడు అంటారు. ఈ ఇంట్లో మాత్రం ఆ అర్ధమొగుడు వదినగారి చెవి దాకా కూడా రాదు. వదిన అటక మీది డబ్బాను నిలబడ్డ చోటినుంచే అందుకుంటుంది. మరదలు అదే డబ్బా కోసం స్టూలెక్కి, స్టూలు మీద మునివేళ్ళ మీద లేచి, చివరికి "వదినా" అని కేకేస్తుంది.

మరదలికి రేవు వీధిలో బట్టలు కుట్టే కొట్టుంది. వదిన బళ్ళో డ్రాయింగు టీచరు. ఇద్దరికీ ఉన్నది ఒకటే పిచ్చి, సముద్రం బొమ్మలు వెయ్యడం. వదిన బొమ్మలు ఊళ్ళో నలుగురి ఇళ్ళల్లో అద్దాల చట్రాల్లో ఉన్నాయి. మరదలివి మాత్రం కొట్టు వెనక గదిలో, కత్తిరించగా మిగిలిన గుడ్డ ముక్కల మీద, తలుపుకు గుండుసూదులతో గుచ్చి ఉండేవి. కొలతలివ్వడానికి వచ్చినవాళ్ళు వాటిని చూసి, "బాగున్నాయమ్మా, మరి నా బట్టలెప్పుడిస్తావు?" అనేవారు. అంతటితో ప్రదర్శన ముగిసేది.

లాంచీల రేవులో ప్రయాణికుల కోసం కొత్త హాలు కట్టారు. మూడు వైపులా గోడలు, నాలుగో వైపు సముద్రం. వెనక గోడంతా సముద్రం వెయ్యమని రేవు మేనేజరు గారు వదినను పిలిపించారు.

"సగం గోడ మా మరదలిది. అలా అయితేనే వేస్తానండీ" అంది వదిన.

"ఆవిడ బట్టలు కదమ్మా కుట్టేది?"

"కుడుతుంది, బొమ్మలూ వేస్తుంది. మీరు రేవు చూసుకుంటూనే పాటలు పాడట్లేదా?"

మేనేజరు గారు స్నానాల గదిలో పాడతారన్న సంగతి రేవంతటికీ తెలుసు. ఆయన వెంటనే సరేనన్నారు. ఈ కబురు విన్న రోజున మరదలు ఒక గౌనుకు రెండూ కుడిచేతులే కుట్టేసింది. తను వేసింది పదిమందీ చూసే చోట ఉండాలని ఎన్నేళ్ళుగా అనుకుందో ఆమెకే తెలుసు. పైకి ఎవరితోనూ అనలేదు. అంటే నవ్వుతారని భయం.

వదిన ఎడమ కొసనుంచి మొదలుపెట్టింది, బడికి వెళ్ళే ముందు పొద్దున్నే. మరదలు కుడి కొసనుంచి, కొట్టు కట్టేశాక సాయంత్రం పూట. వదిన పెట్టిన నియమం ఒకటే. ఫోటో చూడకూడదు, ఒకరి బొమ్మ ఇంకొకరు చూడకూడదు. సముద్రం వైపు తిరిగి నిలబడాలి. కళ్ళకు ఏది ఎక్కడ కనిపిస్తే, గోడ వైపు తిరిగి దాన్ని అక్కడే వెయ్యాలి. తెరిచి ఉన్న వైపునుంచి గాలికి ఇసుక కొట్టుకొచ్చి తడిరంగుకు అంటుకుంటుందని, గోడకు కాస్త ఎడంగా కర్రలు కట్టించి, ఎవరి సగం మీద వాళ్ళు టార్పాలిన్ పట్టా దించి వెళ్ళేవారు. నడుమ ఒక తలుపు వెడల్పు గోడ ఖాళీగా వదిలారు, చివర్లో కలుపుకోవచ్చని.

మరదలు మూడు వారాలు ఒళ్ళు మరిచి పనిచేసింది. పొద్దుగూకే వేళ నీటికీ ఆకాశానికీ మధ్య సన్నగా ఒక రంగు నిలుస్తుంది, ఉల్లిపొర రంగు. ఎన్నిసార్లు కలిపినా అది గులాబీ అయ్యేది, లేదంటే ఇటుక రంగయ్యేది. ఒక సాయంత్రం కుదిరింది. గోడ మీదికి ఎక్కించి వెనక్కి జరిగి చూసుకుంది.

ఆదివారం ఇద్దరూ కలిసి పట్టాలు ఎత్తారు. లాంచీ ఇంజన్లు బాగుచేసే మరదలి అన్నయ్య కూడా చూడ్డానికి వచ్చాడు. అటు చూశాడు, ఇటు చూశాడు, తల గోక్కున్నాడు.

"ఇదేంటి, మీరిద్దరూ కలిసి సముద్రానికి మెట్టు కట్టారా?"

నిజమే. వదిన వేసిన సముద్రం ఆకాశాన్ని తాకే గీత పైనుంది. మరదలి గీత దానికి జానెడు కిందుంది. తప్పు తనదేనని మరదలు చూడకుండానే ఒప్పేసుకుంది.

"ఆగు ఆగు" అన్నాడు అన్నయ్య. భార్యను సముద్రం వైపు చూడమని, ఆమె కంటి ఎత్తున గోడకు వేలు పెట్టాడు. వేలు సరిగ్గా ఆమె గీత మీదే ఆగింది. చెల్లెలిని నిలబెట్టి చూశాడు. అదీ సరిగ్గా ఆమె గీతే. సముద్రం ఎవరికైనా వాళ్ళ కళ్ళెత్తునే ముగుస్తుంది. గుట్టెక్కినవాడికి గుట్టంత ఎత్తున, ఒడ్డున కూర్చున్నవాడికి కూర్చున్నంత ఎత్తున. ఇంతమంది పిల్లలకు బొమ్మలు నేర్పిన టీచరమ్మకు ఈ సంగతి తెలియదా అంటే, తెలుసు. మరదలు పొట్టిదన్న సంగతే మరిచిపోయింది. రోజూ పక్కన తిరిగే మనిషి ఎత్తు ఎవరికి గుర్తుంటుంది?

మేనేజరు గారికి ఈ వేదాంతం పట్టలేదు. "ఎల్లుండి ప్రారంభం. మెట్టున్న సముద్రాన్ని చూస్తే రేవంతా నవ్వుతుంది. గీత ఒకటైనా కావాలి, లేదంటే గోడకు వెల్లైనా వెయ్యాలి" అన్నారు. వెల్ల డబ్బా అప్పటికే మూలన తయారుగా ఉంది.

నడుమ ఖాళీ గోడ మీద రెండు గీతలకూ సుద్దతో గుర్తులు పెట్టుకుని, పట్టాలు దించి ఇంటికొచ్చారు. గీత ఎవరు మార్చాలన్న మాట మాత్రం ఇద్దరూ ఎత్తలేదు.

మరదలికి ఆ రాత్రి ఆలోచించడానికి పెద్దగా ఏమీ మిగల్లేదు. పిలిచింది వదినను. సగం పంచి ఇచ్చింది వదిన. తనవల్ల ఆమె గోడ వెల్లపాలైతే ఇంక ఏ మొహం పెట్టుకుని తిరగాలి? అడిగితే వదిన ఒప్పుకోదు. కాబట్టి అడగకూడదు.

సోమవారం పొద్దున వదిన "బళ్ళో పరీక్షలు" అంటూ తెల్లవారకముందే వెళ్ళింది. సాయంత్రం మరదలు "కొట్లో పని ఎక్కువుంది" అని కబురు చేసి నేరుగా రేవుకు పోయింది. వదిన పట్టా జోలికి వెళ్ళకుండా తన పట్టా ఒక్కటే ఎత్తింది. పై సుద్ద గుర్తు దాకా నీలం నింపడమంటే ఉల్లిపొర రంగంతా నీటికింద ముంచెయ్యడమే. కుంచె ముంచింది, గోడ దాకా తెచ్చింది, మళ్ళీ దించింది. ఏడుపొచ్చింది, ఏడ్చింది. తర్వాత ముక్కు తుడుచుకుని, ఒక కొసనుంచి ఇంకో కొస దాకా సముద్రాన్ని జానెడు పైకి లేపింది.

మంగళవారం హాలు నిండిపోయింది. మొదటి లాంచీకి వెళ్ళాల్సినవాళ్ళు సంచులతో, బుట్టలతో బెంచీల మీద కూర్చున్నారు. మేనేజరు గారు ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చి నాలుగు మాటలు మాట్లాడి, పట్టాలు తీయించారు.

మెట్టు అలాగే ఉంది. కాకపోతే ఈసారి తిరగబడింది. మరదలి సముద్రం పైన, వదిన సముద్రం జానెడు కింద.

మరదలు తన సగం చూడనేలేదు. వదిన సగం వైపే చూస్తోంది. అక్కడ దూరాన, గీత పొడుగునా, బియ్యపు గింజలంత పడవలు బారుగా ఉండేవి. ఒక్కో దానికి ఒక్కో తెరచాప, ఒక్కో తెరచాపకు ఒక్కో మాసిక. ఇప్పుడక్కడ ఒట్టి ఆకాశం ఉంది.

"వదినా, నీ పడవలేవి?"

వదిన కళ్ళు మరదలి గోడ మీదున్నాయి. "నీ ఉల్లిపొర రంగేదే, పొట్టీ?"

ఇద్దరూ మొహమొహాలు చూసుకున్నారు. ముందు వదిన పెదవి వణికింది. అది ఏడుపో నవ్వో తేలేలోపు మరదలు ఫక్కున నవ్వేసింది. వదిన బెంచీ పట్టుకుని కూలబడి మరీ నవ్వింది. సంగతి అర్థమైన అన్నయ్య, "ఒకరికొకరు చెప్పుకుని చస్తే కదా" అంటూ చుట్టూ ఉన్నవాళ్ళకు మొదటినుంచీ కథ విప్పాడు. హాలు హాలంతా నవ్వింది. నవ్వనివాళ్ళు మేనేజరు గారొక్కరే. కాసేపటికి ఆయన మీసాలూ కదిలాయి.

"ఇప్పుడే సరిచేస్తానండీ" అన్నారు వదినా మరదళ్ళు ఒకేసారి, చెరో కుంచె అందుకుంటూ.

"ఆగండమ్మా" అన్నారు మేనేజరు గారు కంగారుగా. "మిమ్మల్ని మళ్ళీ వదిలితే ఈవిడ పైకి లేపుతుంది, ఆవిడ కిందికి దించుతుంది. ఎవరి గీతా ముట్టుకోకండి. ఆ నడుమ ఖాళీలో ఏం చేస్తారో చెయ్యండి, అది కూడా నా కళ్ళముందు, ఇద్దరూ కలిసి. రెండో లాంచీ వచ్చేదాకా టైమిస్తున్నా."

ఇన్ని వారాల్లో వాళ్ళిద్దరూ పక్కపక్కన నిలబడి కుంచె పట్టడం అదే మొదటిసారి. వదిన కింది గీతనుంచి నీటిని పైకి లాగింది. మరదలు స్టూలెక్కి పై గీతనుంచి కిందికి దించింది. మధ్యలో ఒకరి చెయ్యి ఒకరికి అడ్డమొచ్చింది, వదిన మోచేతికి నురగంటింది, మరదలి చెవికి నీలమంటింది. ఆ జానెడు తేడా నెమ్మదిగా ఒక పెద్ద అలై లేచింది. ఎడమవైపునుంచి వచ్చే పొద్దుటి నీరు ఉబ్బుకుంటూ ఉబ్బుకుంటూ వెళ్ళి కుడివైపు సాయంత్రంలో కలిసింది.

మొదటి లాంచీ హారను కొట్టింది. బెంచీల మీదినుంచి సగంమంది కూడా లేవలేదు. అది సగం ఖాళీగానే వెళ్ళిపోయింది.

బుట్ట ఒళ్ళో పెట్టుకుని మొదటినుంచీ చూస్తున్న పెద్దావిడ మరదలిని దగ్గరికి పిలిచింది. "ఇందులో నువ్వు వేసింది ఎక్కడిదాకా అమ్మా?"

ఏళ్ళ తరబడి ఆమె ఎవరైనా అడగాలని ఎదురుచూసిన ప్రశ్న అది. మరదలు గోడ వైపు తిరిగి, చూపిద్దామని వేలెత్తింది. అల దగ్గరికొచ్చేసరికి వేలు ఆగింది. ఈ మడత తనదా, వదినదా? ఆ నురగ? వెనక్కి జరిగి చూసింది, పక్కకు జరిగి చూసింది. తేల్చుకోలేకపోయింది.

"తెలియట్లేదు పెద్దమ్మా" అంది. ఆ మాట అంటున్నప్పుడు ఆమెకు ఎంత సంతోషంగా ఉందంటే, చేతిలో కుంచెనుంచి చెప్పుల మీదికి నీలం కారుతున్నా చూసుకోలేదు.