అద్దం ఎక్కించు, బావా

డాష్‌బోర్డు కిందకి తల దూర్చి, టార్చిలైటు పళ్ళతో కరిచిపట్టుకుని, అతను వైర్ల కట్టని వేళ్ళతో విడదీస్తున్నాడు. వీపు కారు నేల మీద ఉంది, కాళ్ళు బయట సిమెంటు గచ్చు మీద. ఇన్నేళ్ళుగా అలా వెల్లకిలా పడుకునే పనిచేస్తున్నాడు కాబట్టి ఒంటికి అలవాటే. పాత టేపు ఎండలకి జిగురుకట్టి ముట్టుకుంటే వేలికి అంటుకుంటోంది. అంతకు ముందు చూసిన మెకానిక్కెవరో నీలం వైరుని ఎర్ర వైరుకి ముడేసి, పైన ఇంత టేపు చుట్టి చేతులు దులుపుకున్నాడు. అతను ఆ ముడి విప్పి, దేని దారిన దాన్ని వేరుచేసి, ఒకసారి కళ్ళు మూసుకుని తెరిచాడు. అలసట అని కాదు. కంట్లో దుమ్ము పడింది.

వీధిలో అందరూ అతన్ని టెస్టరు అంటారు. జేబులో పెన్ను పెట్టుకునే చోట ఎప్పుడూ టెస్టింగు బల్బు వేలాడుతుంటుందని ఆ పేరు. అమ్మానాన్నలు పెట్టిన పేరుతో పిలిచే మనిషి అక్క ఒక్కతే ఉండేది. ఆమె పోయాక ఆ పేరుతో ఎవరికీ అవసరం పడలేదు, అతనితో సహా.

కారు నర్సమ్మది. నాలుగు వీధుల అవతల ఆసుపత్రిలో పనిచేస్తుంది. ఎవరో వాడి వాడి వదిలించుకున్న బండిని ముచ్చటపడి కొనుక్కుంది. ఏసీ వేస్తే కాసేపు చల్లగానే వస్తుంది. బండి గుంతలో పడగానే వేడిగాలి కొడుతుంది, ఇంకో గుంతలో పడితే మళ్ళీ చల్లబడుతుంది. ఒక షెడ్డులో గ్యాసు నింపారట, ఇంకో షెడ్డులో కంప్రెసరే మార్చాలన్నారట.

"గుంతలు వెతుక్కుంటూ నడుపుతున్నానన్నా" అని నవ్వి, తాళాలిచ్చి డ్యూటీకి వెళ్ళిపోయింది.

అతను నవ్వలేదు. నవ్వకూడదని కాదు. ఆ మాట నవ్వాల్సిందని తెలిసేసరికి ఆమె వీధి మలుపు తిరిగేసింది.

"బావా, కాస్త ఇందులో కూర్చుని మీట నొక్కుతావా?"

షెడ్డు చివర స్టూలు మీద కూర్చున్న బావ లేచాడు. అక్క మొగుడు. షెడ్డులో ఇంజన్ల పని ఆయనది, కరెంటు పని ఇతనిది. భారీ మనిషి. అరచేతి గీతల్లో నలుపు ఏ సబ్బుకీ లొంగకుండా ఉండిపోయింది. ఎప్పుడో ఫ్యాను బెల్టులో పడిన చూపుడువేలు వంకరగా అతుక్కుంది. పొద్దున్నుంచీ గుండెల మీద అరచెయ్యి వేసి రుద్దుకుంటున్నాడు.

"ఏమైంది?"

"గ్యాసురా. రాత్రి తిన్నది అరగలేదు."

"సోడా తాగకపోయావా?"

"తాగాలే."

అంతటితో ఆ సంగతి అయిపోయింది. వాళ్ళిద్దరి మధ్య ఏ సంగతైనా అంతసేపే ఉంటుంది.

బావ స్టీరింగు ముందు కూర్చున్నాడు. అతను బానెట్టు ఎత్తి, కంప్రెసరు దగ్గరి వైరు ఊడదీసి, టెస్టింగు బల్బు ఆనించాడు.

"నొక్కు."

బల్బు వెలిగింది.

"వచ్చింది. ఇప్పుడు డాష్‌బోర్డు మీద ఒక్కటివ్వు."

బావ గుప్పిట బిగించి కొట్టాడు. బల్బు ఆరిపోయింది.

"పోయింది. మళ్ళీ కొట్టు."

"వచ్చిందా?"

"వచ్చింది."

మీసాలు రాని వయసులో అక్క వెంట ఆ ఇంటికి వచ్చినప్పుడు బావే అతనికి బల్బు చేతికిచ్చి, కరెంటు ఎక్కడిదాకా వచ్చి ఆగిపోయిందో వెతకడం నేర్పాడు. అప్పట్లో బావ ఒకటే వాగుడు. సైలెన్సరు ఊడిన బండి అని అక్క ఆయన్ని ఆటపట్టించేది. అన్నం తింటూ కూడా ఇంజన్ల కబుర్లు చెప్పేవాడు, అక్క పొట్ట పట్టుకుని నవ్వేది. ఆమె జబ్బుపడి పోయింది. కర్మకాండలైన మర్నాడు ఇద్దరు మగాళ్ళూ షెడ్డు తీశారు. షెడ్డు వెనక రెండు గదుల్లో ఎవరి మంచం వాళ్ళదయింది. వంట వంతులవారీగా చేసుకుంటారు. బావకి మళ్ళీ పెళ్ళి చేసుకోమని చెప్పిన వాళ్ళున్నారు, అతనికి అసలు పెళ్ళెప్పుడని అడిగిన వాళ్ళున్నారు. కొన్నాళ్ళకి వాళ్ళే విసుగెత్తి ఊరుకున్నారు. ఆనాటి నుంచి అక్క ఊసు ఒక్కసారి కూడా ఆ గదుల్లో రాలేదు. వద్దని ఎవరూ అనుకోలేదు. ముందు నువ్వంటే నువ్వని ఆగి, ఆగి, చివరికి అదే అలవాటయింది.

అతను కంప్రెసరుకి కరెంటు కలిపే రిలే తీసి మంచిది పెట్టి చూశాడు. తేడా లేదు. గ్యాసు పైపు మీది స్విచ్చిని పక్కకి తప్పించి నేరుగా కలిపి చూశాడు. అదీ కాదు. కరెంటు అసలు లోపలి నుంచే సరిగ్గా బయల్దేరడం లేదు. ఏసీ మీటలున్న పలకని విప్పి, కుర్చీ మీద కూర్చుని, భూతద్దం కింద పెట్టాడు. చాలాసేపు ఏమీ కనిపించలేదు. వెలుతురికి ఏటవాలుగా తిప్పితే, ఒక పిన్ను చుట్టూ సీసం మీద వెంట్రుకవాసి పగులు, గుండ్రంగా. వేలితో నొక్కితే అంటుకుంటుంది, వదిలితే విడిపోతుంది.

"దొరికింది" అన్నాడు.

"ఏంటట?"

"టాంకా వదిలింది. పిన్ను దగ్గరి సీసం అతుకు."

"ఇంత దానికా కంప్రెసరు మార్చమన్నారు?"

ఆ మాటకి ఒకప్పుడైతే బావ అర్ధగంట కథ చెప్పేవాడు. ఇప్పుడు గుండెలు రుద్దుకుంటూ వెళ్ళి మళ్ళీ స్టూలు మీద కూర్చున్నాడు.

పాత సీసం కరిగించి తీసి, కొత్తది పోశాడు. సన్నటి పొగ లేచింది. అనుమానం వచ్చిన ఇంకో మూడు పిన్నులకి కూడా టాంకా వేసి, పలక మళ్ళీ బిగించాడు. కారుని షెడ్డు ముందు ఆరుబయటికి తోసి, వేపచెట్టు నీడలో నిలిపి ఇంజను వేశారు. కంప్రెసరు టక్కున పట్టుకుంది. గాలి చల్లబడింది. డాష్‌బోర్డు మీద కొట్టి చూశాడు, డోరు విసిరి వేసి చూశాడు. ఆగలేదు.

"వేడెక్కాక ఎలా ఉంటుందో చూడాలి. కాసేపు నడవనివ్వాలి" అన్నాడు.

"నేను కూర్చుంటాలే. ఒళ్ళంతా చెమటలు పోస్తున్నాయి, కాస్త చల్లగా ఉంటుంది."

"వేడిగాలి వస్తే హారన్ కొట్టు."

బావ ఎక్కి, సీటు వెనక్కి వాల్చుకుని, గాలి వచ్చే చోట మొహం పెట్టాడు. నెరిసిన జుట్టు వెనక్కి ఎగిరింది. అతను పనిముట్లు ఏరుకుని వెళ్ళబోతుంటే, సగం దించి ఉన్న అద్దంలోంచి బావ గొంతు వినిపించింది.

"మీ అక్కకి ఇలాంటి గాలంటే ఎంత ఇష్టమోరా."

అతను ఆగాడు. చేతిలో స్క్రూడ్రైవరుంది. నోటిదాకా ఏదో వచ్చింది. బస్సెక్కితే కిటికీ పక్క సీటు కోసం తనతో పోట్లాడేది అని చెప్పవచ్చు. జడ ఊడిపోయినా తల లోపలికి పెట్టేది కాదు అని చెప్పవచ్చు. ఎన్నాళ్ళుగానో వాడని గొంతు అది, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు.

"అద్దం ఎక్కించు, బావా. చల్లదనం పోతుంది" అన్నాడు.

బావ తలూపి, అద్దం ఎక్కించాడు.

అతను లోపలికి వెళ్ళి ఆటో హెడ్‌లైటు ఒకటి విప్పుకుని కూర్చున్నాడు. చెవి మాత్రం కారు మీదే ఉంచాడు. ఇంజను ఒకే తీరున తిరుగుతోంది. హారన్ మోగలేదు. టాంకా నిలిచిందన్నమాట. రాత్రి అన్నం దగ్గర బస్సు సంగతి చెబుదామనుకున్నాడు. ఎలా మొదలుపెట్టాలో కూడా ఆలోచించుకున్నాడు. ఆ ఆలోచన కొత్తగా, కాస్త సిగ్గుగా అనిపించింది. హెడ్‌లైటు పనయిపోయింది. ఇంకో బండి వస్తే దాని బ్యాటరీ చూశాడు. హారన్ మోగలేదు.

ఎండ వాలాక నర్సమ్మ వచ్చింది. కారు అద్దాలన్నీ బయటి నుంచి మంచు పట్టినట్టు మసకబారి ఉన్నాయి.

"అబ్బ, ఎంత చల్లబడిందో! లోపలున్నది పెద్దాయనేనా అన్నా? నిద్రపోయినట్టున్నారు" అంటూ డోరు తీసింది.

వంగి, మెడ పక్కన రెండు వేళ్ళు ఆనించింది. కనురెప్ప ఎత్తి చూసింది. చెయ్యి పట్టుకుని చూసి, మెల్లగా ఆయన ఒళ్ళో పెట్టింది.

"అన్నా, ఒకసారి రండి."

అతను గుడ్డకి చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. బావ తల కిటికీ వైపు వాలి ఉంది. వంకర వేలున్న చెయ్యి కడుపు మీద ఉంది. జుట్టు ఇంకా గాలికి కదులుతోంది.

"గుండె అన్నా. చాలాసేపైంది."

అతను తలూపాడు. బావ మీదుగా చెయ్యి చాపి ఇంజను ఆపాడు. చెయ్యి బావ చెంపకి తగిలింది. చల్లగా ఉంది. ఏసీ బాగా పనిచేసిందన్న ఆలోచన ముందు వచ్చింది, దాని తర్వాత ఏదీ రాలేదు.

ఆసుపత్రి వ్యాను వచ్చింది. ఇద్దరు మనుషులు బావని దించి, తెల్లటి దుప్పటి కప్పి ఎక్కించారు. ఇరుగుపొరుగు మూగారు. ఎవరో అతని భుజం మీద చెయ్యి వేశారు, ఎవరో నీళ్ళిచ్చారు. తాగాడు. నర్సమ్మ కొంగుతో కళ్ళొత్తుకుంటోంది.

"వ్యానులో చోటు లేదంట. నా కార్లో రండన్నా."

షెడ్డు తలుపు సగం దించి, ఆమె పక్క సీట్లో కూర్చున్నాడు. ఆమె చెయ్యి ఏసీ మీటదాకా వెళ్ళి, వెనక్కి వచ్చేసింది.

"వెయ్యమ్మా" అన్నాడతను. "బాగయింది."

చల్లగాలి మొహానికి కొట్టింది. తర్వాత మెల్లగా, ఎవరితోనో అన్నట్టు, "మా అక్క బస్సెక్కితే కిటికీ పక్క సీటు నాకిచ్చేది కాదు" అన్నాడు. ఆమె అతని వంక చూసింది. బండి కదిలింది.

అతను అద్దంలోంచి వెనక్కి చూశాడు. కారు నిలిచిన చోట, వేపాకు రాలిన నేల మీద, ఎక్కేముందు బావ విప్పిన చెప్పులు పక్కపక్కనే ఉన్నాయి. ఎప్పుడు తెగిందో, ఎడమ చెప్పు వారు తన వైర్ల డబ్బాలోని పసుపు వైరు ముక్కతో బిగించి కట్టి ఉంది.