ఇవాళ్టి కాలు

ఆ పాత కంప్యూటరుకు ఇవాళ ఏ తేదీయో తెలియకూడదు. తెలిసిందంటే పని మానేసి కూర్చుంటుంది. అందులో ఉన్న, కాళ్ళ ఆకారాలు గీసే సాఫ్ట్‌వేర్‌కు గడువు ఎప్పుడో తీరిపోయింది. దాన్ని తయారుచేసిన కంపెనీ మూతపడి కూడా చాలా కాలమైంది. అందుకని పొద్దున్నే వర్క్‌షాపు తలుపు తీయగానే మొండక్క చేసే మొదటి పని, కంప్యూటరులో తేదీని ఏళ్ళ వెనక్కి నెట్టడం. అప్పుడది పాపం, తనకింకా గడువుందనుకుని బుద్ధిగా తెరుచుకుంటుంది. పనయ్యాక తేదీని మళ్ళీ ఇవాళ్టికి తీసుకురావాలి. ఇది మోసమే. అయితే యంత్రాన్ని మోసం చేయడం తప్పని మొండక్కకు ఏనాడూ తోచలేదు.

మొండక్క అని ఆమెకు పేరు పెట్టింది తమ్ముడు. చాటుగానే పెట్టాడు, కానీ వీధంతా పాకిపోయింది. ఆ సంగతి ఆమెకూ తెలుసు. కోపం రాలేదు సరికదా, లోలోపల కాస్త మురిసిపోయింది కూడా.

అక్కాతమ్ముళ్ళిద్దరూ కలిసి బూట్ల వర్క్‌షాపు నడుపుతున్నారు. బజార్లో దొరికే బూట్లు పట్టని కాళ్ళకు అక్కడ బూట్లు కుడతారు. ఒక కాలు పొట్టిగా ఉన్నవాళ్ళు, మడమ వంకరపోయినవాళ్ళు, వేళ్ళు ముడుచుకుపోయినవాళ్ళు వస్తారు. వాళ్ళ కాలి ఆకారం సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కుతుంది. అక్కణ్ణుంచి మూలనున్న మిషనుకు వెళ్తుంది. మిషను గరగరమంటూ అచ్చం ఆ కాలిలాంటి కొయ్య అచ్చు చెక్కిపెడుతుంది. దాని మీద తోలు బిగించి కుడితే బూటు తయారు. ఒకసారి ఆకారం ఎక్కిందంటే ఆ మనిషి మళ్ళీ రానక్కర్లేదు, ఫోను చేస్తే చాలు, కొత్త జోడు ఇంటికే వెళ్తుంది. "ఒక్కసారి కాలు చూపించండి, జన్మంతా హాయిగా నడవండి" అని గుమ్మం మీద బోర్డు కూడా ఉంది. ఆ మాట రాయించింది మామయ్య.

మామయ్య అంటే వాళ్ళమ్మకు తమ్ముడు. ఇద్దరినీ పెంచి పెద్ద చేసి, చేతికి కత్తీ సూదీ ఇచ్చి పని నేర్పింది ఆయనే. వయసులో ఉండగా ఎడమ పాదం మీద యంత్రం పడి నలిగిపోయింది. ఏ బూటూ పట్టలేదు. అప్పుడాయన ఈ సాఫ్ట్‌వేర్ ముందు కూర్చుని తన కాలిని తానే గీసుకున్నాడు. ఇక్కడ కాస్త పెంచి, అక్కడ కాస్త తగ్గించి, అచ్చు చెక్కి, బూటు కుట్టి, వేసుకుని, మూలిగి, విప్పి అవతల పారేసి, మళ్ళీ గీశాడు. చివరికి ఒకరోజు చేతికర్రను గోడకు ఆనించేసి, వీధి చివరిదాకా నడిచి వచ్చాడు. అప్పుడు గుమ్మంలో నిలబడి చూస్తున్న చిన్నపిల్ల మొండక్కే. ఆ రోజు మామయ్య మొహంలో కనిపించిన వెలుగును ఆమె ఇప్పటికీ మరిచిపోలేదు. అదంతా ఈ సాఫ్ట్‌వేర్ చలవేనని ఆమె నమ్మకం.

తమ్ముడికి మాత్రం అది పక్కలో బల్లెం. మొన్న పని హడావిడిలో తేదీని ముందుకు తేవడం మరిచిపోయాడు. 'మీ బూట్లు సిద్ధం' అని టీచరమ్మ ఒకావిడకు ఏళ్ళనాటి తేదీతో సందేశం వెళ్ళింది. ఆవిడ ఒంటికాలి మీద లేచి వచ్చింది.

"అంత ఎప్పుడో సిద్ధమైపోతే, ఇన్నాళ్ళూ పంపకుండా ఏం చేస్తున్నారండీ?"

ఆవిడకు నచ్చజెప్పి పంపేసరికి తమ్ముడి తలప్రాణం తోకకొచ్చింది.

"అక్కా, ఇక నా వల్ల కాదు. కొత్త మిషనుకు చెప్పేశాను. శనివారం వస్తుంది. పాత మిషనూ, ఆ కంప్యూటరూ వాళ్ళే పట్టుకుపోతారు."

"పాత ఆకారాలన్నీ కొత్తదాంట్లోకి ఎక్కుతాయా?"

"ఎక్కవు. అందరి కాళ్ళూ మళ్ళీ తీసుకోవాలి."

"మామయ్య కాలు కూడానా?"

"మామయ్యది కూడా."

"కుదరదు. ఆ కాలు గీయడానికి ఆయన ఎంత అవస్థ పడ్డాడో నీకేం తెలుసురా? అప్పటికి నీకు ముక్కు తుడుచుకోవడం కూడా రాదు. అది పోయిందంటే ఆయన మళ్ళీ కర్ర పట్టుకోవాలి. నా కంఠంలో ప్రాణం ఉండగా దాన్ని గడప దాటనివ్వను."

"పోనీ, మామయ్యనే అడుగుదాం."

"అడిగి ఆయన్ని బాధపెట్టావంటే ఊరుకోను!"

అక్కడితో మాటలు ఆగిపోయాయి. మొండక్క మాత్రం ఆగలేదు. మాటలతో కాదు, పనితోనే తమ్ముడి నోరు మూయించాలనుకుంది. తేదీ వెనక్కి నెట్టి, మామయ్య కాలి ఆకారం తెరిచి, కొత్త అచ్చు చెక్కించింది. ఉన్నవాటిలోకెల్లా మెత్తని తోలు ఏరి తీసింది. అంత శ్రద్ధగా ఆమె ఇంతకుముందు ఏ జోడూ కుట్టలేదు. శుక్రవారం మధ్యాహ్నానికి బూట్లు తళతళలాడుతూ తయారయ్యాయి. వాటిని పట్టుకుని మెట్లెక్కింది. మామయ్య ఉండేది వర్క్‌షాపు మీది గదిలోనే.

మామయ్య బూట్లు తొడుక్కుని కిటికీ దాకా వెళ్ళొచ్చాడు.

"అబ్బ! వెన్నలా ఉన్నాయే అమ్మడూ!"

ఆ ఒక్క మాట చాలు ఆమెకు. సోలు మార్చిపెడతానని చెప్పి, ఆయన విడిచిన పాత జోడు చంకలో పెట్టుకుని కిందికి వచ్చింది. తమ్ముడి వంక ఒక చూపు చూసింది. తమ్ముడు చూడనట్టు నటించాడు.

బల్ల మీద పెట్టి ఎడమ బూటు లోపలి అట్ట పీకింది.

చిటికెనవేలు తగిలే చోట లోపలి తోలు కోసేసి ఉంది. బయటికి ఏమాత్రం తెలియకుండా, నున్నగా, ఒక్క గీతలో కోసిన కోత. అలా కోయగల చెయ్యి ఈ భూమ్మీద ఒకటే ఉంది. ఆమెకు కత్తి పట్టుకోవడం నేర్పిన చెయ్యి అది. మడమ దగ్గర దూది కుక్కి ఉంది. మామయ్య అంతకుముందు వాడిన జోళ్ళను పారేయడానికి మనసొప్పక ఆమె అటక మీద దాచింది. అన్నీ దించింది. అన్నింటికంటే పాతదాంట్లో ఏమీ లేదు. ఆ తర్వాతిదాంట్లో చిన్న కోత. జోడు జోడుకీ కోత పొడుగవుతూ వచ్చింది. అవన్నీ చంటిబిడ్డకు కుట్టినంత ప్రేమగా ఆమె తన చేతుల్తో కుట్టినవే.

మళ్ళీ మెట్లెక్కింది. మామయ్య మంచం మీద కూర్చుని ఉన్నాడు. కొత్త బూటు ఒడిలో ఉంది. ఆమెను చూడగానే కుడిచెయ్యి గబుక్కున దిండు కిందికి పోయింది.

"ఎప్పటినుంచి మామయ్యా?"

"ఏంటే, ఎప్పటినుంచి?"

"దిండు కింద దాచావే, ఆ కత్తి పని."

దొరికిపోయిన దొంగలా మామయ్య నవ్వబోయాడు. ఆమె మొహం చూసి మానుకున్నాడు.

"కాలు కదే, ముసలిదైంది. కాస్త వెడల్పయింది, కాస్త వాలింది. కంప్యూటర్లో ఉన్నదానికేం, అది ఇంకా పడుచుగానే ఉంది."

"మరి వెన్నలా ఉన్నాయన్నావేం? నాకెందుకు చెప్పలేదు?"

"దానికోసం నువ్వు తమ్ముడి మీద అరుస్తుంటే పైకి అంతా వినిపిస్తుంది. పిల్లకి అదంటే ప్రాణం అనుకున్నాను. బూటు కరుస్తోందని ఏ నోటితో చెప్పమంటావు?"

"నాకు ప్రాణం అది కాదు మామయ్యా, నువ్వు!" అంది మొండక్క. అనేసి భోరుమంది. ఏడుస్తూనే తిట్టింది. తిడుతూనే ఆయన కాలి మేజోడు లాగింది. చిటికెనవేలు పక్కన ఎర్రగా కాయ కాసి ఉంది. రోజూ ఉదయం దేన్ని వెనక్కి నెడుతున్నానో ఆమెకు అప్పుడు అర్థమైంది. తేదీని మాత్రమే కాదు, ఈ కాలిని కూడా.

కళ్ళు తుడుచుకుని కిందికి దిగేసరికి ఆమె మళ్ళీ పాత మొండక్కే. మొండితనం దిశ ఒక్కటే మారింది.

"ఒరేయ్, టీచరమ్మకు ఫోను కలుపు. ఆవిడ బూట్లు ఎలా ఉన్నాయో అడుగు. బాగున్నాయంటే నమ్మకు, మళ్ళీ అడుగు."

తమ్ముడు రెండోసారి అడిగాక ఆవిడ గొంతు తగ్గింది. "ఏళ్ళుగా వేళ్ళ దగ్గర పట్టేస్తున్నాయండీ. జన్మంతా హాయిగా నడవండని మీరు అంత గట్టిగా చెప్తుంటే, నా కాలిదే తప్పేమో అనుకున్నాను."

ఆ మాట విని మొండక్క స్టూలు లాక్కుని గుమ్మం మీది బోర్డు దించేసింది. తర్వాత కంప్యూటరు ముందు కూర్చుని ఇవాళ్టి తేదీ కొట్టింది. గడువు తీరిపోయిందని సాఫ్ట్‌వేర్ తెర మీద చెప్పింది. ఆమె ఈసారి దాన్ని మోసం చేయలేదు. తీసేయమంది. నిజంగా తీసేయమంటావా అని అది అడిగింది.

అంతవరకూ దాన్ని వదిలించుకోవడానికి కాచుకున్న తమ్ముడే ఆమె చెయ్యి పట్టుకుని ఆపాడు. "అక్కా, మామయ్య కాలు ఒక్కటైనా కాపీ తీసి ఉంచుదామా? గుర్తుగా."

"గుర్తుకు మామయ్యే ఉన్నాడు కదరా పైన. అది ఉందంటే నేను మళ్ళీ దాంతోనే చెక్కుతాను. నా సంగతి నాకు తెలుసు."

తీసేసింది. శనివారం వచ్చినవాళ్ళు పాత మిషనునూ కంప్యూటరునూ బండిలోకి ఎక్కిస్తుంటే, తానే ఒక చెయ్యి వేసింది.

ఆ తర్వాత కాలి అచ్చు తీయడానికి ప్లాస్టరు కలిపిన గిన్నె పట్టుకుని పైకి వెళ్ళి మంచం ముందు నేల మీద చతికిలబడింది.

"మామయ్యా, ఇవాళ్టి కాలు చూపించు."

పాత బూట్లు ఆమె మళ్ళీ తొడగనివ్వలేదు. కొత్త అచ్చు కుదిరేదాకా మామయ్యకు కర్ర తప్పలేదు. ఆయన కర్ర టకటకలాడించుకుంటూ తిరిగినప్పుడల్లా మొండక్క పళ్ళు బిగించి పని చేసింది. మొదటి బూటు మడమ దగ్గర జారింది. రెండోది మధ్యలో ఎత్తయింది. మూడోది తెచ్చి తొడిగి, కర్ర తీసి గోడకు ఆనించింది.

మామయ్య కిటికీ దాకా వెళ్ళొచ్చాడు.

"వెన్నలా..." అని మొదలుపెట్టాడు. ఆమె కళ్ళు చూశాడు. ఆగాడు. దిండు కింది కత్తి తీసి ఆమె చేతిలో పెట్టాడు.

"వేలి దగ్గర హాయిగా ఉంది. పక్కన మాత్రం కొంచెం వత్తుతోందే."

ఆయన నోటివెంట ఆ మాట వినగానే మొండక్కకు పట్టరానంత సంతోషం వచ్చింది. పెన్సిలు తీసి, ముందుకు వంగి, ఆయన పాదాన్ని ఒళ్ళోకి తీసుకుంది.

"ఎక్కడ?" అంది. "సరిగ్గా ఎక్కడో చూపించు."