రెండు వేళ్ల బ్రేకు

షోయబ్ స్పూనుతో అన్నం తినడం మొదలుపెట్టి నెల దాటింది. నంద్యాలలో ఆ ఇంటికి వచ్చేపోయే వాళ్లకు అదొక నవ్వులాట అయింది. చెన్నై టీములో చేరి రేసు బండ్లు తోలేవాడికి దొరతనం వచ్చిందని కొందరు, హోటలు తిండి మరిగాడని కొందరు అన్నారు. అతని అక్క రుక్సానా మాత్రం నవ్వలేదు. ఆమెకు అసలు సంగతి తెలుసు.

రుక్సానా మొగుడు షఫీ మోటారు సైకిళ్ల మెకానిక్కు. ముందు షాపు, వెనక ఇల్లు, మధ్యలో పాత దుప్పటి ఒకటి తెరగా వేలాడుతూ ఉంటుంది. మూడు నెలల కిందట చెన్నై దగ్గరి ట్రాకులో బండి మీదినుంచి ఎగిరిపడి భుజం ఎముక విరగ్గొట్టుకున్నాక షోయబ్ అక్క ఇంట్లోనే ఉంటున్నాడు. ఎముక అతుక్కుంది, బండి ఎక్కవచ్చని డాక్టరు కాగితం కూడా రాసిచ్చాడు. టీము ఈ ఏడాది వెయ్యి సీసీ సూపర్‌బైకు కొత్తది దింపుతోంది. దాని మీద ఒక్కడికే చోటు. అది షోయబ్‌కు రావాలి, లేదా కోయంబత్తూరు యోహానుకు పోవాలి. ఆ ఒక్క సీటు గురించి షఫీ షాపు బెంచీ మీద రోజూ పొద్దున్నే పంచాయతీ మొదలయ్యేది.

"బండి మంచిదైతే పైన యెవడు కూచున్యా ఒకటేనప్పా," అన్నాడు పక్క కిరాణా కొట్టు కేశవులు. "ఈ తూరి బండి బాగుండాది. ఇంజనీరు కూడా కొత్తోడు. టీము మొదటి మూడిట్లో ఉంటాది, రాసిపెట్టుకో."

"అట్లయితే నిన్నే ఎక్కిద్దాంలే," అన్నాడు అబ్దుల్ రహిమాన్. ఆయన ముప్పై ఏళ్లు నల్లమల ఘాటులో లారీ తోలి, చూపు మందగించాక మానుకున్నవాడు. "నీ స్కూటీకి స్టాండేసేకి ఇద్దరు మనుషులు గావల్ల. నువ్వు రేసు సంగతి చెప్తాండావ్!"

"నేను తోలేది గాదు, చూసింది చెప్తాండా. యోహాను స్టార్టు చూడు. లైటు ఆరేటప్పటికి వాడు ముందుంటాడు. టైరు అరగనియ్యడు. మనోడు మూడు రౌండ్లకే టైరును తినేస్తాడు."

"స్టార్టుదేముంది, యెవడైనా నేర్చుకుంటాడు. మలుపు కాడ బ్రేకు పట్టేది నేర్పితే వచ్చేది గాదు. అందరూ నూరు మీటర్ల కాడ పడితే మావోడు యాభై కాడ పడతాడు. బండి తోక లేస్తాది, మల్లా కూచుంటాది. ఘాటు దిగినోనికి తెలుస్తాది దాని విలువ. అది చేతిలో ఉండాల కేశవులూ, చేతిలో!"

తెర వెనక టీ పోస్తున్న రుక్సానా చెయ్యి ఆగిపోయింది. సందులోంచి చూసింది. బెంచీ చివర కూర్చుని షోయబ్ నవ్వుతున్నాడు. అతని కుడి చెయ్యి ప్యాంటు జేబులో ఉంది.

నెల కిందట ఒక మధ్యాహ్నం ఆమె జొన్నరొట్టెలు కాలుస్తుంటే షోయబ్ వంటగట్టుకు ఆనుకుని ఫోనులో రేసు చూస్తున్నాడు. ఏదో మాడిన వాసన వచ్చింది. రొట్టె మాడిందనుకుని చూసింది. రొట్టె బాగానే ఉంది. తమ్ముడి కుడిచేతి చూపుడువేలు, నడిమివేలు పెనం అంచుకు తగిలి ఉన్నాయి. వాడు నవ్వుతూ ఫోను చూస్తూనే ఉన్నాడు. ఆమె అరిచి చెయ్యి లాగిన తర్వాతే వాడు వేళ్లవైపు చూసుకున్నాడు.

"పడినప్పుడు భుజం కాడ నరం నలిగింటాదక్కా," అన్నాడు చివరికి. "వేళ్లు వంగుతాయి. పట్టుకుంటాయి. ఏం పట్టుకున్యాయో తెలీదు, అంతే."

"డాక్టరుకు చెప్పలేదా?"

"అన్నీ తెలుస్తాండాయని చెప్పినా."

"మల్ల బ్రేకు యెట్ల పడతావ్ రా?"

"చూసుకుంటా పడతా."

"అంత స్పీడులో చెయ్యి చూసుకుంటావా, దావ చూసుకుంటావా?"

"అలవాటయితాది లే. నాకు ఇరవై ఏడు దాటినాయక్కా. ఈ తూరి సీటు పోతే మల్ల నన్ను పిలిచేటోడు లేడు." ఆమె చేతిని లాగి తన నెత్తిన పెట్టుకున్నాడు. "ఈ మాట నీ నోటెంబడి బయటికొచ్చిందంటే నా మయ్యత్తు చూస్తావ్."

తమ్ముడి నెత్తిమీద చెయ్యి ఉండగా ఆమె ఒట్టు వేసింది. ఇంక నోరు కట్టేసినట్టే అయింది. చెబితే ఒట్టు తగిలి వాడి శవం చూడాలి. చెప్పకపోతే ఏదో ఒక మలుపు దగ్గర చూడాల్సింది కూడా అదే. గిన్నెలు తోముతున్నా, బట్టలు ఆరేస్తున్నా ఆమె ఆలోచన ఆ రెండింటి మధ్యే తిరిగేది. "ఏందే, ముఖం అట్ల పెట్టినావ్?" అని షఫీ రెండుమూడు సార్లు అడిగాడు. తలనొప్పి అని చెప్పింది.

బెంచీ మీద ఆ వాదన జరిగిన వారంలోనే టీము మేనేజరు జ్ఞానప్రకాశం ఫోను చేశాడు. ఆయన ఉండేది చెన్నైలో గానీ పుట్టింది పాణ్యంలో. ఆదివారం ఆళ్లగడ్డకు వస్తానని, మస్తాన్‌బీ చేతి బిర్యానీ తిని సీటు సంగతి ముఖాముఖి తేల్చి పోతానని చెప్పాడు. మస్తాన్‌బీ అంటే రుక్సానా, షోయబ్‌ల తల్లి. ఆళ్లగడ్డలో సొంతింట్లో ఒక్కతే ఉంటుంది. వాళ్ల నాయన బతికి ఉన్నప్పుడు పరుపులు కుట్టేవాడు. దూది మూటలు మోసిన పాత మోపెడ్డు మీదే షోయబ్ మొదట బండి నేర్చుకున్నాడు.

శనివారం షోయబ్ కేశవులు కొట్లో డజను స్పూన్లు కొని తెచ్చి అక్కకిచ్చాడు.

"రేపు అందరికీ స్పూన్లే పెట్టక్కా. అందరూ స్పూన్లతో తింటాంటే నన్ను యెవరు చూస్తారు?"

ఆమె ఆ పొట్లాన్ని సంచి అడుగున, చీర మడతల కింద పెట్టుకుంది.

ఆదివారం పొద్దున్నే వంటకు సాయం చేయడానికని ఆమె ముందుగా బస్సులో బయలుదేరింది. షఫీ, షోయబ్, బెంచీ పెద్దలిద్దరూ తర్వాత కేశవులు కారులో వస్తామన్నారు. బస్సు కిటకిటలాడుతోంది. ఇద్దరు లావుపాటి ఆడవాళ్ల మధ్య ఇరుక్కుని, ఒళ్లో సంచి పెట్టుకుని కూర్చుంది. బస్సు గుంతలో పడినప్పుడల్లా సంచిలో స్పూన్లు గలగలమన్నాయి. శిరివెళ్ల వచ్చేసరికి ఆ చప్పుడు ఆమె భరించలేకపోయింది. రెండు చేతులతో సంచిని అదిమి పట్టుకుంది. నోటితో చెప్పనని ఒట్టు వేశాను, అనుకుంది. ఎందుకు అనుకుందో అప్పటికి ఆమెకే సరిగ్గా తెలియదు.

మధ్యాహ్నానికి ముందుగదిలో చాప పరిచి, మీద దస్తర్‌ఖాన్ గుడ్డ వేసి అందరినీ కూర్చోబెట్టారు. కేశవులుకు విడిగా టమాటా అన్నం చేసింది మస్తాన్‌బీ. జ్ఞానప్రకాశం మంచి బొర్ర ఉన్న మనిషి, చాప మీద కష్టపడి కూర్చున్నాడు. అన్నం రాకముందే బెంచీ పంచాయతీ మొదలైంది.

"మీరే చెప్పండి సార్," అన్నాడు కేశవులు. "బండి గొప్పా, తోలేటోడు గొప్పా?"

"బండికి వంద గుర్రాల బలం ఇంకా పెంచొచ్చప్పా," అన్నాడు జ్ఞానప్రకాశం. "దాన్ని పరిగెత్తించేది యెవడైనా చేస్తాడు. ఆపేటోడు గావల్ల." కుడిచెయ్యి పైకెత్తి రెండు వేళ్లు చూపించాడు. "ముందు బ్రేకు ఈ రెండు వేళ్లతో పడతారు. టైరు జారుతాండాదా, పట్టుకోనుండాదా అనేది ఈ రెండు వేళ్లకే మొదట తెలుస్తాది. కంటికి గాదు, మెదడుకు గాదు. యోహాను మంచోడే. కానీ వాని వేళ్లు మొద్దు. షోయబ్ వేళ్లు అట్ల గాదు."

"విన్న్యావా?" అని రహిమాన్ కేశవులు తొడ మీద చరిచాడు. "నేను చెప్తే లారీ డ్రైవరు మాట అంటివి!"

వంటింటి గుమ్మంలో బిర్యానీ నింపిన వెడల్పాటి తబుకు పట్టుకుని నిలబడిన రుక్సానా ఇదంతా విన్నది. షోయబ్ తల వంచుకుని ఉన్నాడు. ఆ వంగిన తలలో నాయన పోలిక కనిపించింది. ఆమె లోపలికి వచ్చి వడ్డించడం మొదలుపెట్టింది.

"స్పూన్లేవక్కా?" అన్నాడు షోయబ్.

ఆమె తబుకులోకే చూస్తూ, "నంద్యాలలోనే మర్చిపోయినా," అంది.

"అదేందే, తెస్తాండానని పొద్దున ఫోన్లో..." అని మస్తాన్‌బీ లోపలినుంచి అంటుండగానే జ్ఞానప్రకాశం అడ్డం పడ్డాడు. "పాణ్యమోనికి స్పూన్లెందుకు తల్లీ? దేవుడు అయిదు వేళ్లిచ్చినాడు." చేతులు కడుక్కుని కలపడం మొదలుపెట్టాడు.

షోయబ్ అక్కవైపు చూశాడు. ఇంకా సమయం ఉంది. సంచి పక్కగదిలో కొక్కేనికి వేలాడుతోంది. పోయి పొట్లం విప్పితే చాలు. ఆమె కదల్లేదు.

"నాకు కడుపు బాగలేదు, తర్వాత తింటా," అన్నాడు షోయబ్.

"నీ కోసం వచ్చిన మనిషిని పక్కన పెట్టుకోని తిననంటావేంది రా? తిను!" అన్నాడు షఫీ.

షోయబ్ చెయ్యి పెట్టాడు. బొటనవేలితో, చివరి రెండు వేళ్లతో అన్నం దగ్గరికి తీశాడు. మెతుకులు జారాయి. ఇంకోసారి తీశాడు. పొగలు కక్కే మూలుగ నల్లి బొక్క మీద ఆ రెండు వేళ్లూ ఆని అలాగే ఉండిపోయాయి. ఎవరూ గమనించలేదు. రహిమాన్ వానలో జరిగిన పాత రేసు ఒకటి చెబుతున్నాడు. కేశవులు కాదంటున్నాడు. జ్ఞానప్రకాశం మాత్రం నమలడం ఆపాడు.

"షోయబూ, కండ్లు మూసుకో," అన్నాడు.

"ఎందుకన్నా?"

"మూసుకో రా. ఆట."

షోయబ్ కళ్లు మూసుకున్నాడు. జ్ఞానప్రకాశం తన పళ్లెంలోంచి దాల్చినచెక్క ముక్క తీసి, షోయబ్ చూపుడువేలికీ నడిమివేలికీ మధ్య పెట్టి, వేళ్లు రెండూ దగ్గరికి నొక్కాడు.

"ఇప్పుడు చెప్పు. నేను నీ వేళ్లల్లో ఏం పెట్టినా?"

రహిమాన్ నోట్లో మాట ఆగింది. షోయబ్ కళ్లు మూసుకునే చిన్నగా నవ్వాడు.

"ఇంకా ఏం పెట్టలేదు గదన్నా."

ఎవరూ మాట్లాడలేదు. ఆ నిశ్శబ్దానికే షోయబ్‌కు అర్థమై కళ్లు తెరిచాడు. వేళ్ల మధ్య నల్లటి చెక్కముక్క నిలబడి ఉంది. దాన్ని చూస్తూ ఉండిపోయాడు.

"యెప్పటినుంచి?" అన్నాడు జ్ఞానప్రకాశం.

"పడినప్పటినుంచి."

"నీ ఒక్కనిది గాదు రా ఇది. నీ వెనకాల ఇరవై మంది వస్తాంటారు." ఆయన గొంతులో కోపం కంటే అలసట ఎక్కువ ఉంది. "ఈ ఏడు బండి యోహానుకే. నువ్వు మొదట నరాల డాక్టరుకు చూపించుకో. వేళ్లకు తెలివొస్తే ఫోన్ చెయ్. రాకపోతే..." అని ఆపేశాడు.

కేశవులు టమాటా అన్నం పళ్లెం పక్కకు జరిపాడు. "నేను ఊరికే వాదానికి అన్న్యానప్పా, యోహాను యోహాను అని," అన్నాడు ఎవరివైపూ చూడకుండా. రహిమాన్ లేచి చెయ్యి కడుక్కోవడానికి పోయాడు. మస్తాన్‌బీ ఇంకో తబుకు నిండా బిర్యానీ తెచ్చి గుమ్మంలో నిలబడి, అందరి ముఖాలూ చూసి, "ఏమైంది? ఉప్పెక్కువైందా?" అని అడిగింది.

మేనేజరు వెళ్లిపోయాక షోయబ్ పక్కగదిలోకి పోయాడు. రుక్సానా అక్కడే గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. అతను కొక్కేనికున్న సంచి దించి, ఎడమచేతితో చీర తీసి, అడుగునున్న పొట్లం బయటపెట్టాడు.

"మర్చిపోయినా అంటివి."

"అంటి."

"నా నెత్తిన చెయ్యి పెట్టి ఒట్టేస్తివి."

"నోటితో చెప్పనని ఏస్తి. చెప్పలేదు."

అతను పొట్లం ఆమె ముందు పడేశాడు. స్పూన్లు బండల మీద చెల్లాచెదురయ్యాయి. "ఇంక నీతో మాట్లాడను," అన్నాడు. ఆమె ఒక్కొక్కటే ఏరుకుంది. మాట్లాడకపోవడానికైనా వాడు ఉండాలి కదా అనుకుంది. ఆ మాట ధైర్యమిస్తుందనుకుంది గానీ ఇవ్వలేదు.

సాయంత్రం షోయబ్ కారు ఎక్కనన్నాడు. కేశవులు, రహిమాన్‌ల పక్కన కూర్చుని నంద్యాల దాకా పోవడం తన వల్ల కాదన్నాడు. బస్సెక్కాడు. రుక్సానా కూడా వెనకే ఎక్కింది. ఇద్దరు పట్టే సీటు ఒక్కటే ఖాళీగా ఉంది, ఇద్దరూ పక్కపక్కనే కూర్చోక తప్పలేదు. అతను కిటికీ వైపు ముఖం తిప్పుకున్నాడు. బయట మిరప కల్లాలు ఎర్రగా వెనక్కి పోతున్నాయి.

అతని కుడి చెయ్యి మోకాలి మీద ఉంది. ఆ రెండు వేళ్లకు బిర్యానీ నూనె ఇంకా అంటుకునే ఉంది. మిగతా వేళ్లు శుభ్రంగా ఉన్నాయి. కడుక్కున్నప్పుడు అవి వాడికి తెలిసినట్టు లేదు.

రుక్సానా నీళ్లసీసా మూత తీసి పైట కొంగు తడుపుకుంది. భయం భయంగా ఆ చేతిని దగ్గరికి తీసుకుని, చూపుడువేలు, తర్వాత నడిమివేలు తుడవడం మొదలుపెట్టింది. షోయబ్ చెయ్యి వెనక్కి తీసుకోలేదు. కిటికీలోంచి బయటికే చూస్తున్నాడు. తుడవనిచ్చి ఊరుకున్నాడో, తుడుస్తున్నట్టే తెలియలేదో, శిరివెళ్ల దాటి నంద్యాల వచ్చేదాకా ఆమెకు అంతుపట్టలేదు.